పసిబిడ్డ గిన్నె లెక్క మా సంతలో మొదలుపెట్టండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో పసిపిల్లల పోషణ బాధ్యత చూస్తున్న అధికారులకు, ఆ పథకాలకు సలహాలిచ్చే పోషకాహార శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

నేను ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి విరమించినదాన్ని. మాది రాయలసీమలో వాన మీద ఆధారపడి బతికే మెట్ట ఊరు. ఉద్యోగం అయిపోయాక ఊరి తల్లులు పన్నెండు మందితో కలిసి ఒక పని మొదలుపెట్టాను. ఏడాది పాటు ప్రతి వారం సంతకు వెళ్లి ఆ నెలలో ఏ గింజ వచ్చింది, ఏ పప్పు వచ్చింది, ఏ ఆకు దొరికింది, ఎంతకు అమ్మారు అన్నది నోటు పుస్తకంలో రాసుకున్నాం. దాన్ని పట్టుకుని ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలు రెండేళ్ల బిడ్డ దాకా, నెలవారీగా, మా ఊళ్లో దొరికే వాటితోనే తిండి పట్టిక తయారు చేశాం. తప్పులుంటే దిద్దండి, బాగుంటే వాడండి అని వినతులు తీసుకునే సోమవారం నాడు మూడుసార్లు ఇచ్చాం. మూడు రసీదులు మా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కటీ రాలేదు. మూడోసారి వెళ్లినప్పుడు మాత్రం, అంగన్‌వాడీలో పసిపిల్లలకు ఇచ్చే పిండి ప్యాకెట్టును ఉద్దేశించి ఒక మాట అన్నారు: "ప్యాకెట్టు ఇస్తున్నాం కదమ్మా, ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో చెప్పడానికే ఈ లేఖ.

మీ శాఖను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) ఈ రోజు మారుమూల తండాలకు కూడా చేరింది. నాకు ఊళ్లో మర్యాద తెచ్చిందీ ఆ పథకమే. అందుకే దాని లోటు నాలాంటివాళ్లే చెప్పాలి.

2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు మీకు తెలియనివి కావు. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలకు తోడు మెత్తని ఆహారం మొదలైంది 45.9 శాతానికి. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. 6–59 నెలల పిల్లల్లో రక్తహీనత ఆంధ్రలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. నాకు ఈ అంకెలు పిల్లల ముఖాలుగానే కనబడతాయి. కింది రెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉండేది. ఎన్ని రెప్పలు లాగి చూశానో నాకే లెక్క లేదు.

ముందుగా ఒక గ్లాసు జావ గురించి చెప్పాలి. మిగిలినదంతా అందులోనే ఉంది.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. కోడలు చీకటితోనే మిరపకాయల కోతకు వెళ్తుంది. ఏడు నెలల మనవడికి పగలంతా తిండి పెట్టేది అవ్వే. ఆమె ప్రేమకు వంక పెట్టలేం. రోజూ తాజాగా రాగి జావ కాచి, ఊది ఊది చల్లార్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగిస్తుంది. ఒకనాడు పొయ్యి దగ్గరే కూర్చుని కొలిచాను. 200 మిల్లీలీటర్ల గ్లాసు నీళ్లకు ఆమె కలిపిన పిండి ఒకే ఒక్క చెంచా, పది గ్రాములు. "ఇంకొంచెం వేయవచ్చు కదా అవ్వా" అంటే, "చిక్కగా పెడితే అరగదు టీచరమ్మా, గొంతుకు అడ్డం పడుతుంది" అంది.

పది గ్రాముల రాగి పిండిలో ఉండే శక్తి సుమారు 33 కిలోకేలరీలు. ఆ వయసు బిడ్డకు తల్లిపాలు కాక బయటి తిండి నుంచి రోజుకు 200 కిలోకేలరీలు కావాలి. అంటే ఆ జావ ఆరు గ్లాసులు, లీటరు పైన తాగాలి. బిడ్డ పొట్ట కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. ఏడు కిలోల బిడ్డకు ఒక పూట 200 మిల్లీలీటర్లు పడితే గొప్ప. అందులోనూ తల్లిపాలకు చోటు మిగలాలి. ఆ అవ్వ మనవడు కడుపు నిండి నిద్రపోతాడు, ఏడవడు. కేంద్రంలో తూకం కాగితం మీద గీత మాత్రం పైకి లేవకుండా అడ్డంగా సాగుతుంది.

మరో రోజు మొలకెత్తించిన రాగుల పిండి పట్టుకెళ్లాను. పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, నలిపి, దోరగా వేడిచేసి విసిరిన పిండి. మామూలు రాగి పిండి 25 గ్రాములు, వేయించిన పెసరపప్పు పొడి 10 గ్రాములు, వేరుశనగ పొడి 5 గ్రాములు కలిపి గ్లాసు నీళ్లలో ఉడికించాం. గరిటె నిలబడేంత గట్టిగా ముద్దయింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. పొయ్యి మీద నుంచి దించి, కాస్త వేడి తగ్గాక చిన్న చెంచాడు మొలకల పిండి కలిపి తిప్పుతూ ఉండమన్నాను. అయిదు నిమిషాల్లో ఆ ముద్ద సడలి గరిటె నుంచి ధారగా జారింది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి, చెంచాడు నూనె కలిపాం. అదే గ్లాసు, అదే బిడ్డ. ఇప్పుడు గిన్నెలో ఉన్నది సుమారు 190 కిలోకేలరీలు, అయిదున్నర గ్రాముల మాంసకృత్తులు, ఒక్క రాగుల నుంచే 85 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. అదే 25 గ్రాములు తెల్ల బియ్యమైతే కాల్షియం రెండు మూడు మిల్లీగ్రాములు దాటదు.

మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి జావ పలచబడుతుందన్న సంగతి శాస్త్రవేత్తలైన మీకు నేను చెప్పనక్కరలేదు. దశాబ్దాలుగా తెలిసిన విషయం. ఎక్కువ వేయిస్తే ఆ గుణం పోతుందని కూడా మీకు తెలుసు. మా అవ్వకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లలో నాకు ఇచ్చిన ఏ శిక్షణలోనూ ఒక్కరు కూడా పొయ్యి ముందు కూర్చుని ఇది చేసి చూపించలేదు. పోస్టర్లు ఇచ్చారు, గోడకు అంటించాను.

ఇప్పుడు మా ఇబ్బందులు ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. ఊళ్లు వేరు, ప్యాకెట్టు ఒకటే. ఉత్తరాంధ్రలో చోళ్లు అన్నా, తెలంగాణలో తైదలు అన్నా, మా దగ్గర రాగులు అన్నా గింజ ఒకటే. పక్కన దొరికేవి మాత్రం ఊరికొక తీరు. అనంతపురం మెట్టలో వేరుశనగ, కంది, కొర్ర ఉంటాయి. పాడేరు, చింతపల్లి కొండల్లో రాజ్మా పండుతుంది. శ్రీకాకుళం తీరంలో ముల్లుతో సహా మెత్తగా నలిగే మెత్తళ్లనే చిన్న చేపలు దొరుకుతాయి. కోనసీమలో కొబ్బరి, అరటి. ఆదిలాబాద్‌లో జొన్న. వీటన్నిటినీ పక్కనబెట్టి అందరికీ ఒకే గోధుమ పిండి మూట పంపిస్తే, మా ఇంటి వెనక మునగచెట్టుకు విలువ లేదని మీరే మా తల్లులకు నేర్పినట్టవుతుంది. నిజంగానే అలా అయింది. "మునగాకు మేకలకు వేస్తాం, బిడ్డకు ప్యాకెట్టు ఉంది కదా" అన్న తల్లిని చూశాను. ఆ ఆకు వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది.

2. వయసులు వేరు, కొలత ఒకటే. 2013 ఆహార భద్రత చట్టం రెండో షెడ్యూలులో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా 500 కిలోకేలరీలు, 12–15 గ్రాముల మాంసకృత్తులు అని ఒకే గీత గీశారు. బయటి తిండి నుంచి ఏడు నెలల బిడ్డకు కావలసింది 200 కిలోకేలరీలు, పది నెలల బిడ్డకు 300, ఏడాది దాటితే 550. 2023 జనవరిలో ఆ షెడ్యూలును సవరించి ఆహార వైవిధ్యానికి, సూక్ష్మపోషకాలకు చోటిచ్చారు. సంతోషించాం. గిన్నె దగ్గర మాకు ఇంకా తేడా తెలియలేదు. ఒకే మూట తెచ్చుకున్న తల్లి దాన్ని ఏడు నెలల చెల్లికీ, మూడేళ్ల అన్నకూ, పక్కన కూర్చున్న ఆరేళ్ల అక్కకూ పంచుతుంది. తినే పిల్లలను పక్కనబెట్టుకుని ఒక్కరికే పెట్టమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది?

3. తీపి. మా కేంద్రానికి వచ్చిన మూట మీద రాసిన పదార్థాల్లో చక్కెర ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు తీపి, ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆరు నెలల నాలుకకు మొదటి రుచిగా తీపి తగిలితే తర్వాత తోటకూర పప్పు పెట్టినప్పుడు ఉమ్మేస్తుంది. అక్కడి నుంచి టీలో ముంచిన బిస్కెట్టు దాకా దారి చాలా దగ్గర. అయిదు రూపాయల బిస్కెట్టు ప్యాకెట్టు, అరకప్పు టీ. కూలికి పరుగెత్తే ఇళ్లలో ఎనిమిది నెలల బిడ్డ ఉదయపు తిండి అదే. మైదా, చక్కెర, పామాయిలు బిడ్డ పొట్టలో చోటు ఆక్రమిస్తాయి. టీలోని వగరు పదార్థం ఆ తిండిలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. పసిపిల్లల పాలపొడి డబ్బాల ప్రచారాన్ని 1992 చట్టంతో, 2003 సవరణతో కట్టడి చేసిన దేశం మనది. పల్లె కొట్లో వేలాడే బిస్కెట్ల దండ గురించి కూడా ఎవరో ఒకరు తల్లులతో గట్టిగా మాట్లాడాలి కదా. తేనె నాకించే అలవాటు గురించీ అంతే. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదమని నేను చెబితే పెద్దవాళ్లు నమ్మరు, డాక్టరు చెబితే నమ్ముతారు.

ఇక్కడ ఒక మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఏనాడో "హైదరాబాద్ మిక్స్" తయారు చేసింది. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కిలోకేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. ఏ పల్లెలోనైనా మూకుడు, రోలు ఉంటే చేసుకోగలిగింది. అందులో బెల్లం వంతు నేటి లెక్కకు ఎక్కువే, తగ్గించాలి. అయినా ఆ ఆలోచన ఎంత సూటిగా ఉందో చూడండి. మన నగరంలో పుట్టి, మన నగరం పేరే పెట్టుకున్న పిండి మన పల్లె తల్లికి తెలియకుండా పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది.

4. ఇనుము. ఇది అన్నిటికన్నా కష్టమైన లెక్క. ఇక్కడ నేను ఊరి తిండిని ఆకాశానికెత్తి మిమ్మల్ని మభ్యపెట్టను. బిడ్డ పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెలకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము చాలా కొంచెం. తొమ్మిది నెలల బిడ్డకు కావలసిన ఇనుములో 90 శాతానికి పైగా బయటి తిండి నుంచే రావాలి. మా పట్టికలో సజ్జ పెట్టాం, తోటకూర పెట్టాం, నువ్వులు పెట్టాం, పుల్లటి పండు రసం తోడు చేశాం. ఎన్ని కలిపినా గింజలు, ఆకులతోనే ఆ అవసరం తీరలేదు. పిడికెడంత పొట్టలో అంత ఆకు ఎలా పడుతుంది? కోడి కార్జం (కాలేయం) వారానికి రెండు మూడుసార్లు, ముల్లు తీసిన చేప, రోజూ గుడ్డు చేరినప్పుడే లెక్క దగ్గరికి వచ్చింది. కోడి కోసే దుకాణంలో కార్జం మాంసం కన్నా చౌక. "బిడ్డకు కార్జమా?" అని ఆశ్చర్యపోయే ఇళ్లలోనే పెద్దవాళ్లు దాన్ని వేపుడు చేసుకుని తింటారు. మాంసం, గుడ్డు ముట్టని కుటుంబాలకు, కొనలేని కుటుంబాలకు మందు తప్పదు. 2018 నుంచి అమలులో ఉన్న రక్తహీనత నివారణ కార్యక్రమం ప్రకారం ఆరు నెలలు దాటిన బిడ్డకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టాలి. మా ఊళ్లో ఆ సీసా కొన్ని నెలలు వచ్చేది, కొన్ని నెలలు వచ్చేది కాదు. వచ్చిన నెలల్లోనూ మలం నల్లగా వస్తోందని తల్లులు భయపడి ఆపేసేవారు. భయం లేదని చెప్పడానికి ఇంటింటికీ తిరగాల్సి వచ్చేది.

5. డబ్బు. ఒక బిడ్డకు రోజుకు 8 రూపాయలని 2017లో నిర్ణయించారు. 2022లో అంగన్‌వాడీల పోషణ పథకానికి ఇచ్చిన పోషణ్ 2.0 మార్గదర్శకాల్లోనూ అదే 8 రూపాయలు. ఆ మధ్యకాలంలో నూనె ధర, పప్పు ధర, గ్యాసు ధర ఎటు పోయాయో మీ ఇళ్లలోనూ తెలుసు. మీరు ఎనిమిది రూపాయల్లో గుడ్డును ఇరికించాలని చూస్తే పప్పు తగ్గుతుంది, పప్పును నిలబెడితే నూనె తగ్గుతుంది. పిల్లల పొట్టలో చోటు తక్కువ కాబట్టి పెట్టే ప్రతి చెంచాలోనూ సారం ఉండాలి, సారమున్న వస్తువే ఖరీదు. ఈ చిక్కు పెద్దవాళ్ల భోజనంలో ఇంతగా ఉండదు.

6. చేతులు. ఇది పోషకాహార పుస్తకాల్లో నాకు కనబడలేదు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రెండు మూడు పూటలు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు తినిపించాలంటారు. తినిపించేది ఎవరు? కోతల కాలంలో తల్లి ఉదయం ఆరింటికి ఆటో ఎక్కి సాయంత్రం అయిదింటికి దిగుతుంది. మధ్యలో బిడ్డ అవ్వ దగ్గరో, తొమ్మిదేళ్ల అక్క దగ్గరో ఉంటుంది. ఆ అక్క తన పాలబుగ్గల చెల్లికి అరగంట కూర్చుని ఓపిగ్గా తినిపించాలని మనం ఆశిస్తున్నాం. ఆమె బడికి వెళ్లాల్సిన పిల్ల. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పని దగ్గరికి అయిదుగురు చిన్నపిల్లలు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని రాశారు. మా ఊరి పనుల్లో అలాంటి మనిషిని నేను ఒక్కసారీ చూడలేదు.

ఇవన్నీ విన్నాక "ప్రతి ఊరికీ వేరే పట్టిక ఎలా తయారు చేస్తాం?" అని మీరు అడగవచ్చు. దానికి నా జవాబు ఇది.

చౌకలో చాలినంత పోషణ లెక్కకట్టడం కొత్త విద్య కాదు. 1945లో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 రకాల ఆహార పదార్థాలను, వాటి ధరలను ముందేసుకుని అతి తక్కువ ఖర్చుతో ఒక మనిషి పోషణ ఎలా తీరుతుందో అంచనా వేశాడు. రెండేళ్ల తర్వాత అదే లెక్కను కొత్త గణిత పద్ధతిలో తేల్చడానికి తొమ్మిది మంది గుమస్తాలకు చేతితో తిప్పే యంత్రాల మీద 120 పనిదినాల శ్రమ పట్టింది. ఆ పని ఇవాళ మామూలు కంప్యూటర్ క్షణాల్లో చేస్తుంది. పసిపిల్లల ఆహారానికి ఇదే పద్ధతిని వాడే ఆప్టిఫుడ్ అనే సాధనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి తయారు చేశారు. అందులో వేయడానికి కావలసిన పోషక విలువలు జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చు వేసిన పట్టికల్లో 528 ఆహార పదార్థాలకు ఉన్నాయి. ఆ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో ఉంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. లేనిదల్లా ఊరి సంత ధరలు, ఆ ఊరి తల్లి నిజంగా ఏం వండుతుందన్న సమాచారం. అది తెచ్చి ఇవ్వడానికే మేం మూడుసార్లు మీ మెట్లెక్కాం.

తల్లి ఏం వండుతుందన్నది ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. స్టిగ్లర్ లెక్కలో చివరికి తేలింది గోధుమ పిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాదంతా అది తినగలిగే మనిషి ఉండడు. యంత్రం చౌకదనం చూస్తుంది. బిడ్డకు వారానికి ఎన్నిసార్లు ఆకుకూర పెట్టగలరు, ఒక పూటకు ఎన్ని చెంచాలు తింటుంది, ఉపవాసాల నెలలో గుడ్డు వండుతారా లేదా అన్నవి మనుషులను అడిగి లెక్కలో పెట్టాలి. మా పుస్తకంలో అవి ఉన్నాయి. వేసవిలో మా సంతకు ఆకుకూర దాదాపు రాదు. ఏప్రిల్, మే నెలల్లో మునగచెట్టే దిక్కు. అందుకే వానల కాలంలోనే మునగాకు నీడన ఆరబెట్టి పొడి చేసుకోవాలని, ఆ రెండు నెలలు విటమిన్ ఎ కోసం బొప్పాయి, మామిడి పండ్ల గుజ్జు పెట్టాలని రాశాం. వేరుశనగ కొత్త పంట వచ్చాక చౌక, వానల్లో ఖరీదు. అప్పటికి నిల్వ కాయకు బూజు కూడా పడుతుంది. బూజు పట్టిన గింజలోని విషం పసివాళ్ల కాలేయానికి చేటు కాబట్టి ఆ నెలల్లో నువ్వులకు మారాలని రాశాం. హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఒకే పట్టికలో ఇవి ఎక్కడ పడతాయి?

ఇంట్లో తయారయ్యే ఈ పిండిని ఊరి మహిళా సంఘాలు చేయలేవని కూడా అనవద్దు. కేరళలో కుటుంబశ్రీ సంఘాల మహిళలు 2006 నుంచి అమృతం న్యూట్రిమిక్స్ అనే పసిపిల్లల పిండి తయారు చేసి అంగన్‌వాడీలకు అందిస్తున్నారు. ఒడిశాలో స్వయం సహాయక సంఘాలు ఛతువా అనే పిండి చేస్తున్నాయి. అంగన్‌వాడీల ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడవద్దని, గ్రామ సముదాయాలకు, మహిళా సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న చెప్పింది. పొదుపు సంఘాలను దేశానికి చూపించింది మన ఊళ్ల మహిళలే. వాళ్లకు పిండి పట్టడం రాదా?

మా డిమాండ్లు ఇవి.

1. ఒక్కో వ్యవసాయ మండలానికి (నేల, వాన ఒకే తీరుగా ఉండే ప్రాంతానికి), కనీసం మూడు కాలాలకు, ఆరు–ఎనిమిది నెలలు, తొమ్మిది–పదకొండు నెలలు, ఏడాది–రెండేళ్లు అనే మూడు వయసులకు విడివిడిగా స్థానిక ఆహార పట్టికలు తయారు చేయించండి. సంత ధరలు రాయడానికి ఊరి తల్లులనే పెట్టుకుని, ఆ పనికి కూలి ఇవ్వండి. పట్టికతో పాటు దాని లెక్కలు కూడా తెలుగులో అందరికీ కనబడేలా పెట్టండి. కొలతలు చెంచాలు, గరిటెలు, గిన్నెల్లో ఉండాలి. మా ఇళ్లలో గ్రాముల త్రాసు ఉండదు.

2. ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు ఇచ్చే పిండిలో చక్కెర తీసేయండి. ఆ వయసుకు వేరే మూట, మొలకల పిండి చిన్న పొట్లం తోడుగా ఇవ్వండి. ఆ పొట్లం ఎలా వాడాలో చూపించే బొమ్మ దాని మీదే ఉండాలి.

3. పైలట్‌గా జిల్లాకు కనీసం ఒక ఐసీడీఎస్ ప్రాజెక్టు పరిధిలో మహిళా సంఘాలకు పిండి తయారీ అప్పగించండి. నాణ్యత పరీక్ష, ముఖ్యంగా వేరుశనగకు బూజు విషం పరీక్ష, ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. ఆ భారం సంఘాల మీద వేస్తే వాళ్లు మూడు నెలల్లో మూత వేసుకుంటారు, "చూశారా, వాళ్లవల్ల కాలేదు" అని అందరూ అంటారు.

4. ఒక్కో బిడ్డకు రోజుకు కేటాయించే ఖర్చును ఏటా ధరల సూచికతో ముడిపెట్టమని రాష్ట్రాల తరఫున కేంద్రాన్ని అడగండి. అప్పటిదాకా ఏడాది దాటని పిల్లలకు గుడ్డు ఖర్చు రాష్ట్రం విడిగా భరించాలి.

5. ఐరన్ సిరప్ ఏ నెల ఏ కేంద్రానికి ఎన్ని సీసాలు వచ్చాయో కేంద్రం గోడ మీద రాయించండి.

6. ఆశా కార్యకర్తలు బిడ్డకు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలప్పుడు ఇంటికి వస్తున్నారు. ఆరో నెల సందర్శన మాటలతో ముగియకూడదు. ఆ ఇంటి పొయ్యి మీద, ఆ ఇంటి గింజలతో, అవ్వ కళ్ల ముందు ఒక పూట తిండి వండి చూపించాలి. అందుకు అంగన్‌వాడీ కార్యకర్త, ఆశ కలిసి వెళ్లేలా ఏర్పాటు చేయండి. వాళ్ల మీద ఉన్న ఫోను నమోదుల పని కొంత తగ్గిస్తే ఆ గంట దొరుకుతుంది. అన్నప్రాశన ఫొటో తీసి పంపడంతో మా బాధ్యత తీరిపోయిందని అనుకునే పరిస్థితికి మమ్మల్ని నెట్టవద్దు.

7. కోతల కాలంలో, కూలి ఎక్కువగా ఉండే ఊళ్లలో, మూడేళ్లలోపు పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రం నడపండి. పట్టిక ఎంత బాగున్నా తినిపించే మనిషి లేకపోతే అది గోడకు అంటించే మరో కాగితమే అవుతుంది.

పోషకాహార శాస్త్రవేత్తలకు విడిగా ఒక విన్నపం. మీరు రాసే నివేదికలు ఎక్కువగా ఇంగ్లిషులోనే వస్తున్నాయి. మా పట్టికను తప్పుపట్టండి, ఎర్ర సిరాతో దిద్దండి, మాకు అభ్యంతరం లేదు. మేం ఎక్కడ పొరపాటు చేశామో తెలుగులో ఒక పేజీ రాసి పంపండి చాలు. ఉలవలు ఎన్ని నెలల నుంచి పెట్టవచ్చన్న దగ్గర, సీతాఫలం కాలంలో దాన్ని ఎన్ని పూటలకు పరిమితం చేయాలన్న దగ్గర మాలో మాకే పేచీ తేలలేదు.

ఈ లేఖకు మా నోటు పుస్తకం నకలు, తిండి పట్టిక, మూడు రసీదుల నకళ్లు జతచేస్తున్నాం. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మా వినతి మీద ఏ చర్య తీసుకున్నారో అడుగుతాం, ఆ తర్వాత తల్లులందరం బిడ్డలను ఎత్తుకుని మళ్లీ సోమవారం నాడే వస్తాం.

మీలో ఎవరైనా స్వయంగా చూడదలిస్తే మా ఊరికి రండి. సంత బుధవారం. ఆకుకూరలు ఉదయం ఏడింటికి వస్తాయి, తొమ్మిది దాటితే మిగలవు. సంత చూశాక అవ్వ ఇంటికి వెళ్దాం. ఆమె మనవడికి ఇప్పుడు పదకొండో నెల. ఆ పూట జావ మీరే కలపవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
మా ఊరి పన్నెండు మంది తల్లుల తరఫున